మా బావ కట్టిన కంప్యూటర్

మా ఇంట్లో మనుషులు రెండు రకాలు. విడిభాగాలు కొని కంప్యూటర్ కట్టుకోవాలనే వాళ్లు, షాపులో కట్టి పెట్టినది తెచ్చుకోవాలనే వాళ్లు. మా బావ మొదటి రకం. నేను రెండో రకం. మా అక్క ఏ రకమూ కాదు, ఆవిడకి పని ఉంది.

అక్క వీడియోలు తీస్తుంది. షాపుల ప్రారంభోత్సవాలు, స్కూలు వార్షికోత్సవాలు, కంపెనీల్లో పెద్దసార్ల ఉపన్యాసాలు, ఏది వస్తే అది. తీసినదాన్ని కోసి, అతికించి, చూడగలిగేలా చేయడం నా పని. ఇంట్లో వెనకగదే మా ఆఫీసు. బావ పగలంతా ఒక బీమా ఆఫీసులో పనిచేస్తాడు, ఇంటికి రాగానే మా సంస్థకి టెక్నికల్ డైరెక్టర్ అయిపోతాడు. ఆ పదవిని ఆయనే పుట్టించి, దానికి తనని మించినవాడు లేడని ఆయనే తేల్చి, కార్డులు కూడా ఆయనే అచ్చువేయించుకున్నాడు. అక్క కార్డు మీద మాత్రం ఫోన్ నంబర్ తప్పు పడింది. అది సరిచేయించడానికి టెక్నికల్ డైరెక్టర్ గారికి తీరిక దొరకలేదు.

ఇలా ఉండగా అక్కకి ఒకావిడ తారసపడింది. కళ్లమ్మ అంటారు ఆమెని అందరూ. ప్రమాదంలో కన్ను పోయినవాళ్లకి కృత్రిమ కన్ను చేసి పెడుతుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని, మిగిలిన కంటిని చూస్తూ, అచ్చం దానికి జోడీ గీస్తుంది. కంటి నరాల కోసం ఎర్ర పట్టుదారాన్ని పోగులుగా విడదీసి, ఒక్కో పోగునీ తెల్లగుడ్డు మీద అతికిస్తుంది. మనిషి మహా గర్విష్టి. కెమెరా ముందు కూడా అక్కని, "వెలుతురుకి అడ్డు తప్పుకోమ్మా," అని కసురుతూనే ఉంటుంది. అక్క ఆమె వెనకాలే ఏడాది తిరిగింది. సెలవు దొరికిన ప్రతిరోజూ కెమెరా సంచి భుజాన వేసుకుని పోవడమే. ఒక ఆడపిల్ల, స్కూల్లో చదువుకునే పిల్ల, కన్ను పోగొట్టుకుని ఆమె దగ్గరికి వచ్చిన రోజు నుంచి కొత్త కన్ను పెట్టించుకుని వెళ్లిన రోజు దాకా తీసింది.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంటి ఆసుపత్రివాళ్లు ప్రకటన ఇచ్చారు. రోగుల కోసం చేత్తో పనిచేసేవాళ్ల మీద వరుసగా సినిమాలు తీయించాలట. ఏడాది పొడుగునా పని. మీరు తీసినది ఒకటి తెచ్చి చూపించండి, నచ్చితే పని మీదే అన్నారు.

అక్క ఆ ప్రకటన చదివి, ఫోన్ పక్కన పెట్టి, "ఇది నాది," అంది. ఎన్నడూ అలా మాట్లాడే మనిషి కాదు. తర్వాత ఇంకో మాట కూడా అంది. "ఇది రాకపోతే మాత్రం ఇంక ఎప్పటికీ రిబ్బన్లు కోసేవాళ్లనే తీస్తూ ఉంటానే. వేరే సినిమా తీసే ఓపిక నాకు లేదు." అందుకని మామూలుగా చేసే వెటకారం ఆ పూటకి మానేశాను.

చిక్కల్లా మా కంప్యూటర్‌తో వచ్చింది. అక్క తీసిన వీడియోలు మంచి కెమెరాతో తీసినవి, చాలా బరువైనవి. మా కంప్యూటర్‌ది ముసలి ప్రాణం. ప్లే నొక్కితే కళ్లమ్మ చెయ్యి ఒకసారి పైకి లేచి, అక్కడే ఆగి, ఆలోచించి, మళ్లీ కిందికి దిగేది. కొత్తది కొనక తప్పదని ముగ్గురం ఒప్పుకున్నాం. మేం ముగ్గురం ఒప్పుకున్న చివరి విషయం అదే.

"షాపుకెళ్లి ఒకటి తెచ్చుకుందాం. ప్లగ్గు పెట్టి రేపే పని మొదలుపెడతాను. పాడైతే ఫోన్ చేయడానికి ఒక నంబరుంటుంది," అన్నాను నేను.

బావ నన్ను జాలిగా చూశాడు. "మరదలా, రెడీమేడ్ కొనడమంటే పక్కవాడి కొలతలకి కుట్టిన చొక్కా మనం వేసుకోవడం."

"నువ్వు వేసుకున్న చొక్కా రెడీమేడే కదా బావా."

"చొక్కాతో ఎడిటింగ్ చేయం."

ఎందుకైనా మంచిదని షాపుకి కూడా వెళ్లాం. అక్కడి సేల్స్‌మన్ నవ్వు కూడా కంపెనీలోనే బిగించి పంపినట్టుంది. "వీడియో ఎడిటింగా మేడమ్? అద్భుతంగా నడుస్తుంది," అన్నాడు, నేనింకా ఏ కంప్యూటర్ గురించీ అడగకముందే. నేను పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన కళ్లమ్మ వీడియో ఒకటి పెట్టి చూపించమన్నాను. ఆయన దాన్ని ముట్టుకోకుండా, తెర మీదున్న జలపాతం బొమ్మ చూపించి, "రంగులు చూడండి మేడమ్," అన్నాడు. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చా అని బావ అడిగాడు. "మూత తీస్తే వారంటీ పోతుంది సార్." హార్డ్‌డిస్క్ ఇంకోటి పెట్టుకోవచ్చా? "మూత తీస్తే వారంటీ పోతుంది సార్." లోపల దుమ్ము పడితే? సేల్స్‌మన్ కాసేపు ఆలోచించి, "దుమ్ము పడదు సార్," అన్నాడు.

బావ నా వైపు తిరిగి, నోరు మెదపకుండా నవ్వాడు. ఆ నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను.

ఇంటికొచ్చాక ఆయన చివరి బాణం వేశాడు. అది వేసింది నా మీద కాదు, అక్క మీద. "నీ సినిమాలో కళ్లమ్మ ఏమంటుంది? షాపులో దొరికే కన్ను పెట్టుకుంటే బొమ్మలా ఉంటుంది, మనిషిని చూసి చేస్తేనే అది కన్ను అంటుందా లేదా? మరి కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి బొమ్మ కన్ను చాలా?" అక్క కరిగిపోయింది. తన సినిమాలో మాటని మొగుడు తిరిగి చెప్పాడని సంబరపడింది పాపం. ఆ మాట సినిమా చూసి పట్టుకున్నది కాదని, అన్నం తింటూ అక్క చెప్పగా విన్నదని నాకు తెలుసు. చెప్పబోయాను. అక్క మొహం చూసి ఊరుకున్నాను.

అలా బావ కట్టుబడి మొదలుపెట్టాడు. ఇల్లు కట్టేవాళ్లు కూడా అంత హడావుడి చేయరు. ఒక పార్సిల్ వచ్చేది. దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తెచ్చేవాడు. తీరా చూస్తే గ్రాఫిక్స్ కార్డు పొడుగైపోయి పెట్టెలో పట్టేది కాదు. దానికోసం పెద్ద పెట్టె. పెద్ద పెట్టెకి పెద్ద ఫ్యాన్లు. ఫ్యాన్లు చాలవని నీళ్ల గొట్టాలు. కంప్యూటర్ లోపల నీళ్లేమిటి బావా అంటే, "అది నీళ్లు కాదు, కూలెంట్," అన్నాడు. పెట్టెకి ఒక పక్క అద్దం. లోపల లైట్లు. అవి ఎర్రగా, నీలంగా, ఆకుపచ్చగా మారుతూ ఉంటాయి. ఆ లైట్లు ఎడిటింగ్‌కి ఏం సాయం చేస్తాయో నాకు ఇప్పటికీ తెలీదు. ఇన్నీ కొన్నాక మానిటర్ కొనడానికి ఏమీ మిగల్లేదు. అందుకని ఆ రాజప్రాసాదం ముందు మా పాత చిన్న మానిటరే, ఒక మూల చిట్లిపోయినది, ద్వారపాలకుడిలా నిలబడింది. పైగా అది వెనకగదిలో పట్టలేదు. పట్టినా పెట్టేవాడు కాదు, చుట్టాలకి కనపడదు కదా. హాల్లో టీవీ పక్కన ప్రతిష్ఠించాడు.

ఈలోపు గడువు దగ్గరపడుతోంది, సినిమా ఎవరు కోస్తారు? నేనే. దేనితో? ఆ ముసలి కంప్యూటర్‌తోనే. దానికి మా వృత్తిలో ఒక పద్ధతుంది. బరువైన అసలు వీడియోలకి చిన్నవి, తేలికవి నకళ్లు చేసుకుంటాం. ప్రాక్సీలు అంటాం వాటిని. చూడ్డానికి కాస్త మసకగా ఉంటాయి గాని చురుగ్గా నడుస్తాయి. కోతలన్నీ వాటిమీద కానిచ్చేసి, ఆఖర్న పూర్తి సినిమాని బయటికి తీసేటప్పుడు మాత్రం నకళ్లని పక్కన పెట్టి అసలువి వాడమని చెప్పాలి. చెప్పడమంటే పెద్ద పనేం కాదు, ఒక చిన్న గడిలో టిక్ తీసేయడం. చంటిపిల్లలు కూడా చేస్తారు. చంటిపిల్లలు టెక్నికల్ డైరెక్టర్లు కారు కాబట్టి.

నేను వెనకగదిలో కుస్తీ పడుతుంటే, హాల్లో బావ పరీక్షలు పెడుతున్నాడు. ఆయనలాంటి కట్టుబడి భక్తులకి ఇంటర్నెట్‌లో ఒక గుంపుంది. ఎవరి పెట్టె ఎంత తొందరగా వీడియో బయటికి తీస్తుందో అందులో చెప్పుకుని మురిసిపోతుంటారు. బావ అక్క సినిమానే తెచ్చుకుని, అందులోని ముక్కల్ని పదేపదే బయటికి తీస్తూ, లెక్కలు ఆ గుంపులో పెట్టేవాడు. ఫ్యాన్ల చప్పుడు వినాలని సినిమా మాటల్ని మూసేసేవాడు. తెర మీద కళ్లమ్మ కసురుతున్నా, ఆ పిల్ల నవ్వుతున్నా, ఈయన చూపు మాత్రం మూలనున్న టెంపరేచర్ అంకె మీదే. ఒకరోజు ఏవో సెట్టింగులు కెలికాడు. పెట్టె ఉన్నట్టుండి మెరుపు వేగం అందుకుంది. గుంపంతా చప్పట్లు. బావ ఆ సెట్టింగులు ఇంక చెదరకుండా భద్రం చేసుకున్నాడు.

చూపించాల్సిన రోజు వచ్చింది. తొందరపడకుండా ముందురోజే బయటికి తీద్దాం అన్నాను. "అది నీ ముసలిదానికి. దీనికి పొద్దున చాలు," అన్నాడు. పొద్దున నేను సినిమా ఉన్న హార్డ్‌డిస్క్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. కుర్చీలో ఆయనే కూర్చున్నాడు, నన్ను ముట్టుకోనివ్వలేదు. అక్క లోపల తల దువ్వుకుంటోంది. నేను టీ పెట్టుకుని హాల్లోకి వచ్చేసరికి బావ కుర్చీలో వెనక్కి వాలి, చేతులు తల వెనక పెట్టుకుని ఉన్నాడు.

"అయిపోయింది."

"ఏది?"

"సినిమా మొత్తం."

"ఇంత త్వరగా ఎలా అవుతుంది బావా?"

"అదే మరి, కట్టుకోవడమంటే!"

అసలు వీడియోలతో అయితే ఏ కంప్యూటరూ అంత తొందరగా తియ్యదు. "ఒకసారి పెద్ద తెర మీద చూద్దాం, టీవీకి పెట్టు," అన్నాను. బావ అక్కని కేకేశాడు. "చూశావా, నీ చెల్లెలికి ఏడుపు! నా మెషిన్ పనిచేస్తోందని ఏడుపు!" అక్క దువ్వెనతో బయటికొచ్చి నా వైపు చూసింది. "ఇవాళైనా మానేయకూడదటే ఆ రెడీమేడ్ గొడవ," అంది. నేను చెబుతున్నది కంప్యూటర్ గురించి కాదు, సినిమా గురించి. కానీ మా ఇంట్లో అప్పటికి నా మాటలన్నీ ఒక పార్టీ మాటలైపోయాయి. చిన్న మానిటర్ మీద ఓ రెండు ముక్కలు చూశాం. అంత చిన్నదాంట్లో అన్నీ బాగానే కనపడతాయి.

ఆసుపత్రి మీటింగ్ హాల్లో తెర గోడంత ఉంది. కమిటీ పెద్ద ఒక మేడమ్. కళ్లజోడు నెత్తిమీదికి ఎక్కించుకుని మొదటి వరసలో కూర్చుంది. లైట్లు ఆర్పారు. కళ్లమ్మ మొహం తెరంతా నిండింది. మొహం అంటున్నానంటే, అది మొహమని మాకు తెలుసు గనక. ముక్కు ఉండాల్సిన చోట ఒక నీడ, కళ్ల దగ్గర రెండు మరకలు. కృత్రిమ కన్ను దగ్గరగా వచ్చింది. అక్క ఊపిరి బిగబట్టి, మోకాళ్ల మీద కూర్చుని, రోజంతా కాచుకుని పట్టిన షాటది. ఎర్ర పట్టుపోగులు ఒక్కోటీ లెక్కపెట్టొచ్చు అందులో. గోడ మీద మాత్రం పులిసిన పెరుగులో ఎర్ర సిరా ఒలికినట్టుంది.

ప్రాక్సీలు! నాకు ఆ క్షణమే అర్థమైపోయింది. బావ గుంపులో చప్పట్లు కొట్టించుకున్న ఆ సెట్టింగు ఇదే. అసలు వీడియోల్ని వదిలేసి నకళ్లతోనే సినిమా తీసి పెట్టింది ఆ మహా యంత్రం. వేగం రాక ఏమొస్తుంది?

"బావా, సినిమాలో నకళ్లే పడ్డాయి!" అన్నాను చెవిలో.

"ప్రొజెక్టర్ చవకరకం," అన్నాడు బావ. "రెడీమేడ్ కదా."

అక్క చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. ఏడాది కష్టం గోడ మీద పులిసిపోతుంటే చూస్తూ కూర్చుంది. ఆ క్షణంలో బావని పీక నొక్కి చంపాలనిపించింది. ఇది మాటవరసకి అంటున్నది కాదు.

లైట్లు వేశారు. మేడమ్ మా వైపు తిరిగింది. తర్వాత నెమ్మదిగా, "ఆ మసక..." అంది. మేం ముగ్గురం తలలు దించుకున్నాం.

"ఎంత ధైర్యం!" అంది మేడమ్. "చూపు పోయినవాళ్ల లోకాన్ని వాళ్ల చూపుతోనే చూపించారు. ఇన్ని సినిమాలు చూశాను, అన్నీ ఒకటే స్పష్టత, ఒకటే మెరుపు. ఇలా ఎవరూ సాహసించలేదు. ఎవరిదీ ఆలోచన?" పక్కనున్న ఇద్దరూ తలలూపారు. మేడమ్ తల ఎటు ఊగితే అటు ఊగే తలలవి.

పని వచ్చేసింది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఏడాది పొడుగునా పని మా అక్కది. నేను అక్క తొడ మీద గిల్లాను, మాట్లాడకే తల్లీ అని. కానీ నేను గిల్లాల్సిన తొడ అటుపక్కది. బావ అప్పటికే లేచి నిలబడ్డాడు.

"ఆ లుక్ రెడీమేడ్ సిస్టమ్‌తో రాదు మేడమ్. దానికోసం నేను ప్రత్యేకంగా ఒక మెషిన్ కట్టాను." కార్డు కూడా తీసి ఇచ్చాడు. మేడమ్ కార్డుని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని, "టెక్నికల్ డైరెక్టర్," అని చదివి మెచ్చుకోలుగా చూసింది.

అక్క లేచింది. "మేడమ్, అది ఆలోచన కాదు. పొరపాటు. ఆ కంటిలో ఆవిడ ఒక్కో పోగూ అతికించింది. మీకు ఒక్కటీ కనపడలేదు. ఆ పిల్ల అద్దంలో చూసుకున్నప్పుడు ఏ కన్ను అసలుదో ఏది చేసిందో తేడా తెలీదు. అదే సినిమా. అది మీరు చూడలేదు. రేపు తెస్తాను, దయచేసి ఒక్కసారి చూడండి."

మేడమ్ చిన్నపిల్లని చూసి నవ్వినట్టు నవ్వింది. "కొందరికి తాము చేసినదాని విలువ తమకే తెలీదమ్మా. మాకు నచ్చింది మేం చూసిందే." తర్వాత బావ వైపు తిరిగింది. "ఈ దృష్టి మీది అన్నారు కదా. మీరు చేయండి. రేపు ఫోన్ చేస్తాను."

ఏడాది మోకాళ్ల మీద పాకినది ఒకరు, పని ఇంకొకరికి. అక్కడికీ బావ, "ఇద్దరం కలిసే చేస్తాం లెండి," అన్నాడు, ఎంతో పెద్దమనసుతో.

ఇంటికొచ్చాక బావే మొదలెట్టాడు. "ఇందులో తప్పేముంది? నువ్వు నీ ఇష్టం వచ్చినట్టు స్పష్టంగా తియ్యి. నేను మసక చేసిస్తాను."

అక్క నాతో, "అసలుది బయటికి తియ్యవే," అంది.

మర్నాడు పొద్దున ఆ గడిలో టిక్ తీసేసి, నేనే నొక్కాను. మహా యంత్రం మధ్యాహ్నం దాకా ఆవిర్లు కక్కింది. ఫ్యాన్లు రొద పెట్టాయి, హాలంతా పొయ్యి పక్కన కూర్చున్నట్టయింది. బావ ఆఫీసు మానేసి, అట్టముక్కతో దానికి విసురుతూ కూర్చున్నాడు. అయ్యాక టీవీకి పెట్టాను. అక్క రిమోట్ తీసుకుని సౌండ్ పెంచింది.

ముగ్గురం చూశాం. కన్ను దగ్గరగా వచ్చింది. ఎర్రపోగులన్నీ ఉన్నాయి, ఎక్కడ రెండుగా చీలాయో అదీ ఉంది. కళ్లమ్మ వేలి మీద ఎండిపోయిన రంగు మరక ఉంది. బావ చేతిలో అట్టముక్క ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. చివర్న ఆ పిల్ల అద్దం తీసుకుంది. చూసుకుంది. పక్కకి తిరిగి చూసుకుంది. మళ్లీ ఎదురుగా చూసుకుని, పెదవి బిగబట్టి, ఆపుకోలేక వెక్కివెక్కి ఏడ్చింది. కళ్లమ్మ, "ఏడవకు, నా పని పాడవుతుంది," అని కసురుతూ తనూ మొహం తిప్పుకుంది.

సినిమా అయిపోయింది. బావ అక్క వైపు తిరిగాడు.

"ఆ పిల్ల ఏడుస్తుందని నాకు చెప్పనేలేదు," అన్నాడు.

అక్క ఆయన వైపు చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఆ పిల్ల ఇన్నాళ్లుగా మన హాల్లో ఏడుస్తూనే ఉందండీ," అంది. "మీరు టెంపరేచర్ చూస్తున్నారు."

ఆ పెట్టె లైట్లు ఎర్ర నుంచి నీలానికి, నీలం నుంచి ఆకుపచ్చకి మారాయి. అప్పుడే బావ ఫోన్ మోగింది. మేడమ్. బావ ఫోన్ వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. ఎత్తకూడదని నేను మనసులో మొక్కుకుంటున్నాను. ఎత్తితే ఏం మాట్లాడతాడో నాకు తెలుసు. నీళ్ల గొట్టాలతో మొదలుపెడతాడు.

ఎత్తాడు.

"మేడమ్, ఆ సినిమా మా ఆవిడ తీసింది," అన్నాడు. "నేను చూడనేలేదు. మీరూ చూడలేదు."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు మాక్కూడా వినిపించింది. పని పోయింది. పూర్తిగా, ఇక తిరిగి రాకుండా పోయింది. ఎల్లుండి మళ్లీ ఏ చెప్పుల షాపుకో వెళ్లి రిబ్బన్ తీయాలి మా అక్క. నాకు ఏడుపు ఆగలేదు. అక్క మాత్రం ఏడవలేదు. చెమటతో తడిసి, చేతిలో అట్టముక్కతో నిలబడ్డ ఆ మనిషి వైపు పెళ్లైన కొత్తలో చూసినట్టు చూస్తూ, "కూర్చోండి, మళ్లీ పెడతాను," అంది. నాకు ఒళ్లు మండిపోయింది.